రెండు వందల కుర్చీలు

ఆమెకి కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటుంది. అది బ్యాంకు కాగితాల్లోనూ పన్ను కాగితాల్లోనూ మాత్రమే బతుకుతోంది. పనిచేసే చోట అందరికీ ఆమె టకటకమ్మ. ఆ పేరు పెట్టిన మహానుభావుడెవరో వేళ్ళ చప్పుడు విని పెట్టాడు గానీ మనిషిని చూసి కాదు. మనిషి నిదానం. నడక నిదానం, మాట నిదానం, కోపం మరీ నిదానం. వేళ్ళు మాత్రం కీబోర్డు మీద పడ్డాయంటే రేకుల కప్పు మీద వాన కురిసినట్టే ఉండేది.

చట్టసభలో నాయకులు మాట్లాడుతుంటే ఆ మాటల్ని అప్పటికప్పుడు టైపు చేసి టీవీ తెర అడుగున అక్షరాలుగా పంపడం ఆమె పని. చెవులు వినపడనివాళ్ళు, ఆసుపత్రి వరండాల్లో టీవీ నోరు నొక్కేసి కూర్చునేవాళ్ళు ఆ అక్షరాలే చదువుకుంటారు. సభ గ్యాలరీ వెనక బీరువాకి అన్నలాంటి గాజు గది ఒకటి ఉంటుంది. అందులో రెండు కుర్చీలు, రెండు కీబోర్డులు, ఎండాకాలంలో కూడా స్వెట్టరు వేయించే ఏసీ. ఇద్దరు కూర్చుంటారు. ఒకరి వేళ్ళు అలిసిపోగానే రెండోవారు అందుకుంటారు. నవ్వులు వినిపిస్తే బ్రాకెట్లో నవ్వులు అని, చప్పట్లు వినిపిస్తే చప్పట్లు అని, అరుపులు వినిపిస్తే అంతరాయం అని కొట్టాలి. సొంత అభిప్రాయం కొట్టకూడదు.

ఈ పనిలో పైకి కనపడని పని ఇంకోటి ఉంది. నాయకుడు నోరు తెరిస్తే మాట ఎప్పుడూ నేరుగా రాదు. "అంటే", "అదేంటంటే", "నేను చెప్పొచ్చేదేంటంటే" అంటూ పొర్లాడి, మధ్యలో ఎవరినో తిట్టి, మొదలుపెట్టింది మర్చిపోయి కూర్చుంటుంది. ఆ తలాతోకా లేని దానికి తోక తగిలించి, నత్తి తీసేసి, దువ్వి జడవేసి తెర మీదకి పంపాలి. అలా చెయ్యమని ఎవరూ చెప్పరు, చెయ్యకపోతే మాత్రం మర్నాడు ఫిర్యాదు వస్తుంది. టకటకమ్మకి ఈ దువ్వడంలో సాటి లేదు. ఆమె చేతిలో పడ్డాక సభలో ఎవరూ మూర్ఖులు కారు. దేశానికి ఆమె చేసిన సేవ అది, లేదా అపకారం. ఏదనేది ఎవరి కడుపుమంటని బట్టి వాళ్ళు చెప్పుకోవచ్చు.

ఆమె ఎవరికీ ఉద్యోగి కాదు. ప్రసార సంస్థలో డ్యూటీలు వేసే ఆవిడ ఫోను చేస్తే వెళ్ళి పూటపని చేసి వచ్చే ఫ్రీలాన్సరు. లైట్లవాళ్ళు, మైకులవాళ్ళు, కెమెరాలవాళ్ళు, సెట్టింగులు కట్టే వడ్రంగులు, మేకప్పువాళ్ళు, అనువాదకులు, అందరిదీ అదే బతుకు. ఆ బతుక్కి రాజ్యాంగం ఒక్కటే: ఫోను మోగితే ఎత్తాలి, ఎత్తితే సరే అనాలి. కాదన్నవాడిని రెండోసారి పిలవరు. ఆపరేషన్ థియేటర్లోకి స్ట్రెచర్ మీద తీసుకుపోతుంటే "గురువారం ఖాళీయే సార్" అన్న కెమెరామన్ ఒకడున్నాడు. వాళ్ళల్లో వాళ్ళు ఈ కథ చెప్పుకుని నవ్వుకుంటారు. నవ్వాక ఫోను సైలెంట్లో పెట్టలేదు కదా అని ఓసారి చూసుకుంటారు.

ఆమెకి మాత్రం ఈ పూటపని కష్టం కాదు, వరం. ఎందుకంటే ఇంట్లో మొగుడున్నాడు.

అతను లారీ డ్రైవరు. పేరున్న డ్రైవరు. ఘాట్ రోడ్డు మీద ఎదురొచ్చిన బస్సుకి దారివ్వడానికి అంచుదాకా వెనక్కి నడిపి ఒక్క గీత పడకుండా బయటపడ్డవాడు. అలాంటివాడు ఒకరోజు లోడు దింపుతూ దింపుతూ గోడకి చేరగిలబడ్డాడు. పక్షవాతం. కుడివైపంతా పోయింది. దానితో పాటు మాటా పోయింది. చదవగలడు, వినగలడు, అర్థం చేసుకోగలడు, కానీ నోట్లోంచి ఒక్క మాటే వస్తుంది: బండి. నీళ్ళు కావాలన్నా బండి. కిటికీ తెరవమన్నా బండి. తెల్లారి ఆమె చీర బాగుందన్నా బండే. డాక్టరు ఇంతకు మించి రాదన్నాడు.

వచ్చింది. కాకపోతే అతని నోట్లోకి కాదు, ఆమె చెవిలోకి వచ్చింది. ఇరవై ఏళ్ళు ఇతరుల నత్తి వెనకున్న మాటని పట్టుకున్న చెవి అది. బండి అన్న మాటని అతను ఎక్కడ నొక్కుతున్నాడో, ఎక్కడ సాగదీస్తున్నాడో, ఎక్కడ మింగేస్తున్నాడో ఆమెకి తెలిసిపోయేది. పొట్టి బండి నీళ్ళు. సాగిన బండి వెన్నునొప్పి. చివర్లో చిన్న ఊపిరి వదిలితే "నాకింక చాలు" అని. ఆ చివరిది వినిపించినప్పుడు ఆమె పని ఆపేసి పక్కన కూర్చునేది. ఇంకెవరికీ ఆ భాష రాలేదు. ఆమె పనికి వెళ్ళిన పూట కింది వాటా దర్జీ పిన్ని మిషను పైకి మోయించుకొచ్చి కాపలా కూర్చునేది. పిన్నికి అతనేమన్నా అర్థమయ్యేది కాదు. అందుకని అతను ఆ పూటంతా నోరు మెదపకుండా ఆకలీ దాహం ఓర్చుకుని, ఆమె గడపలో అడుగు పెట్టగానే అన్నీ ఒకేసారి చెప్పుకునేవాడు.

కాబట్టి ఆమెకి కావలసింది ఒక్కటే. రోజుకి ఒక పూట ఇంట్లో ఉండటం.

సరిగ్గా దాని మీదకే వచ్చింది పన్ను చట్టంలో కొత్త సవరణ. చూడటానికి పెద్దమనిషి తరహాగానే ఉంది. ఒకే సంస్థకి ఎక్కువ రోజులు పనిచేసే ఫ్రీలాన్సరుని పన్ను కోసం ఆ సంస్థ ఉద్యోగిగానే లెక్కగట్టాలట. జీతగాళ్ళకి కోసినట్టే పన్ను ముందే కోసెయ్యాలట. మరి జీతగాళ్ళకుండే సెలవులో? జబ్బు చేస్తే ఆదరువో? ముసలితనంలో పింఛనో? అవి ఉండవు, ఎందుకంటే మీరు ఉద్యోగులు కారు కదా! అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు. లైట్లవాళ్ళు ఇది సవతి తల్లి బుద్ధి అంటూ దానికి సవతి చట్టం అని పేరు పెట్టారు, ఆ పేరే నిలిచింది.

పన్ను ఒక్కటే అయితే పళ్ళ బిగువున కట్టి బతికేవాళ్ళు. అసలు దెబ్బ పక్కనుంచి వచ్చింది. ఎవరు ఉద్యోగి, ఎవరు కాదు అని తేల్చాల్సింది సంస్థలే, తప్పు తేలిస్తే జరిమానా కూడా వాళ్ళకే. దాంతో సంస్థలు భయపడిపోయి "మాకెందుకొచ్చిన గొడవ, ఇక మీదట మధ్యవర్తి కంపెనీలో చేరినవాళ్ళనే తీసుకుంటాం" అనడం మొదలుపెట్టాయి. మధ్యవర్తి కంపెనీ మధ్యలో తన వాటా కోసుకుంటుంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పూర్తి డ్యూటీ చెయ్యమంటుంది. పూటపని లేదంటుంది. ప్రసార సంస్థ ఏడాది గడువు పెట్టింది. ఏడాది తరువాత టకటకమ్మ ఒక పూట ఇంట్లో ఉండాలంటే ఆ చట్టం ఉండకూడదు.

అలా నిదానం మనిషి ఉద్యమంలోకి దిగింది.

సంఘం ఒకటి ముందే ఉంది. అధ్యక్షుడు లైట్ల మాస్టారు. తల నెరిసిన మనిషి, మాట పెద్దది. మొదటి సమావేశం టీ కొట్టు మేడ మీద పెట్టారు. మాస్టారు లేచి "మిత్రులారా" అనగానే మైకులాయన ఫోను మోగింది, అతను మెట్లు దిగాడు. "మనమంతా ఒక్కటై" అనగానే కెమెరావాళ్ళిద్దరి ఫోన్లు మోగాయి. ఐకమత్యం మీద ప్రసంగం ముగిసేసరికి ఆయన, టకటకమ్మ, ఖాళీ గ్లాసులు మిగిలాయి. అప్పుడు ఆయన ఫోనూ మోగింది. ఆ రోజు ఆమె బాగా నవ్వుకుంది. అసలు ఏడవాల్సింది అప్పుడే.

నాయకుల ఇళ్ళ చుట్టూ తిరిగే పని ఎవరికీ తీరలేదు, పూట ఖాళీగా ఉండేది ఆమెకే కాబట్టి ఆమె మెడకే చుట్టుకుంది. తిరిగింది. చెప్పులు వాకిట్లోనూ పరువు వరండాలోనూ వదిలి తిరిగింది. ఒకాయన "తప్పకుండా తల్లీ" అని ఆమె ఇచ్చిన కాగితాన్ని విసనకర్ర చేసుకున్నాడు. ఒకావిడ "ఫ్రీలాన్సర్లంటే పన్ను ఎగ్గొట్టేవాళ్ళేగా" అని ముఖం మీదే అంది. ఇంకొకాయన ఓట్లెన్నని అడిగి, సమాధానం విన్నాక టీ కూడా ఇప్పించలేదు.

చివరికి దొరికింది చూద్దాంగారు. ఆయన అధికార పక్షం సభ్యుడు. ఏమడిగినా "చూద్దాం" అంటాడు గనక ఆ పేరు. గోడ మీద పిల్లి అని అందరికీ తెలుసు. అయినా మునిగేవాడికి గోడేమిటి, పిల్లేమిటి? ఆయన ఇంటి వరండాలో ప్లాస్టిక్ కుర్చీల్లో వారాలపాటు కూర్చుంటే సెక్రటరీ ఒకరోజు కరుణించి లోపలికి పంపాడు.

"కూర్చోమ్మా. ఏం చేస్తుంటావు?" అన్నాడు చూద్దాంగారు, ఫోను చూసుకుంటూ.

"సభలో మీరు మాట్లాడితే టీవీలో కింద అక్షరాలు వస్తాయి కదండీ, అవి వేసేది నేనేనండి."

ఆయన ఫోను పక్కన పెట్టేశాడు. "నేను మాట్లాడేదంతా?"

"అంతానండి."

"తప్పులతో సహా?"

"తప్పులు తీసేసి వేస్తానండి."

ఆయన కుర్చీ ఊగేలా నవ్వాడు. "అందుకా! మా ఆవిడ టీవీ చూసి, ఇంట్లో ఇంత చక్కగా మాట్లాడరేం అని సాధిస్తుంటే నాకర్థం కాలేదు. అయితే నా పరువంతా నీ వేళ్ళ మీద నడుస్తోందన్నమాట. అడుగు తల్లీ, ఏం కావాలి?"

అడిగింది. చట్టం సంగతి చెప్పింది, మొగుడి సంగతి చెప్పింది. బండి అన్న మాట దగ్గరికి వచ్చేసరికి ఆయనే మంచినీళ్ళ గ్లాసు ముందుకు జరిపాడు. ఇదంతా నటన అని కొట్టిపారెయ్యాలని నాకూ ఉంది. కానీ ఆ పూట ఆయనకి నిజంగానే జాలేసి ఉంటుంది. జాలి వెయ్యడానికి ఖర్చేముంది?

"చూడమ్మా, ఉన్నమాట చెప్తాను. మా దగ్గర వాదనలు ఎవరూ వినరు, తలకాయలు లెక్కపెడతారు. కమిటీ చేత విచారణ పెట్టిస్తాను. పెద్ద హాల్లో రెండు వందల కుర్చీలు వేయిస్తాను. హాలు నిండిందనుకో, నేను లేచి ఈ జనాన్ని చూడండి అంటాను, చట్టం రద్దు నా పూచీ. నిండకపోతే మాత్రం నేనేం చెయ్యలేను. నింపగలవా?"

"నింపుతానండి," అంది.

ఆలోచించకుండా అంది. ఏ పని అడిగినా ముందు సరే అనేసి ఆ తరువాత ఎలాగా అని కూర్చోవడం ఆ వృత్తిలో అందరికీ ఉన్న జబ్బే.

నింపడానికి ఆమె పడ్డ పాట్లు పగవాళ్ళకి కూడా వద్దు. ఉన్నవాళ్ళందరికీ ఒక్కొక్కరికీ ఫోను చేసింది. షూటింగుల దగ్గరికి వెళ్ళి భోజనాల విరామంలో పట్టుకుంది. వడ్రంగులతో రంపపు పొట్టులో కూర్చుంది, మేకప్పు గదిలో అద్దాల ముందు నిలబడి చెప్పింది. చివరికి అందరూ మాటిచ్చారు. ఊరికే ఇచ్చారా! "నువ్వింత తిరుగుతుంటే ఒక్కరోజు రాలేమా అక్కా" అని ఇచ్చారు. మైకులాయన చేతిలో చెయ్యి వేశాడు. లైట్ల మాస్టారు అయితే "చెల్లెమ్మా, రెండు వందల కుర్చీలు చాలవు, నా మాట రాసిపెట్టుకో" అన్నాడు. ఆమె ఇంటికొచ్చి మొగుడికి ఆ సంగతి చెబితే అతను "బండి!" అన్నాడు. అది లోడు ఎక్కించాక తాళ్ళు బిగించి టైరు మీద చరిచి "ఇక పోదాం" అనే బండి. పక్షవాతం వచ్చాక ఆ బండి ఆమె వినడం అదే మొదలు.

విచారణ రోజు పొద్దున్నే దర్జీ పిన్నికి అన్నీ అప్పగించి హాలుకి వెళ్ళింది. కుర్చీలు వేసి ఉన్నాయి. వరస తప్పకుండా, తెల్లగా, కొత్తవి. బల్ల మీద మంచినీళ్ళ సీసాలు పేర్చి ఉన్నాయి. చూద్దాంగారు మాట నిలబెట్టుకున్నాడు. ఆమె వాకిట్లో నిలబడి మెట్ల వైపు చూస్తుండగా లైట్ల మాస్టారి ఫోను.

"చెల్లెమ్మా, ఏమీ అనుకోకు. పొద్దున్నే ఫోనొచ్చింది. ప్రసార సంస్థవాళ్ళ కొత్త భవనం ప్రారంభమంట, ముందుకి జరిపారంట, ఉన్నపళంగా అందరూ కావాలంటున్నారు. రెట్టింపు ఇస్తారు."

"అన్నా, మీరు అధ్యక్షులు."

"అధ్యక్షుణ్ణి కాబట్టే అందరికంటే ముందు నాకు చేశారమ్మా. కాదంటే ఏమవుతుందో నీకు నేను చెప్పాలా?"

"మిగతావాళ్ళు?"

ఆమె చెవులు మామూలువి కాదు కదా. ఫోనులో నిచ్చెన లాగిన చప్పుడు వినిపించింది. వెనకాల మైకులాయన "వన్ టూ త్రీ, వన్ టూ త్రీ" అనడం వినిపించింది. ఎవరో కెమెరా పట్టాలు పరుస్తూ నవ్వడం వినిపించింది. సంఘం మొత్తం అక్కడే ఉంది.

ఇదంతా ఎవరో పన్నిన కుట్ర అని తేలితే ఎంత బాగుండేది! ఒక శత్రువు ఉండేవాడు, తిట్టుకోవడానికి ఒక ముఖం ఉండేది. ఆమె తరువాత చాలా రోజులు ఆరా తీసింది. కుట్ర లేదు, కుతంత్రం లేదు. ఏదో పెద్దమనిషి విమానం వేళ మారిందట, అందుకని ప్రారంభం ముందుకి జరిగిందట. ఫోను మోగింది, ఎత్తారు, సరే అన్నారు. అంతే. వాళ్ళ గొంతు కోసింది వాళ్ళ రాజ్యాంగమే.

ఆమె ఫోనూ మోగింది. డ్యూటీలు వేసే ఆవిడ.

"టకటకమ్మా, లైవ్ ఉంది. వెంటనే బయల్దేరు."

"ఇవాళ కుదరదండి."

జీవితంలో ఆ మాట అనడం అదే మొదటిసారి. నాలుక కొత్త చెప్పు వేసుకున్న కాలిలా తడబడింది.

"కుదరదా?" అందావిడ, ఆ మాట ఏ భాషలోదో తెలియనట్టు. ఆపైన "సరే" అంది. ఆ సరే ఎలాంటిదో టకటకమ్మకి వినగానే తెలిసింది. ఫోను కట్టేసి సంచిలో వేసుకుంది.

హాలుకి వచ్చినవాళ్ళు తొమ్మిది మంది. ఒక ముసలి అనువాదకుడు, పాపని చంకనేసుకుని వచ్చిన మేకప్పావిడ, ముగ్గురు టైపిస్టులు, ఇలాంటివాళ్ళు. ఒక వడ్రంగిని చూసి ఆమెకి ఏడుపాగలేదు, "నువ్వొక్కడివైనా మాట నిలబెట్టుకున్నావు తమ్ముడూ" అంది. అతను తల గోక్కుని "ఫోను పగిలిందక్కా, రిపేరుకిచ్చా" అన్నాడు.

కమిటీ అధ్యక్షుడు హాలంతా కలియజూసి, గడియారం చూసి, క్లుప్తంగా చెప్పమన్నాడు. ఆమె మైకు ముందు నిలబడింది. ఊరందరి నత్తినీ దిద్దిన మనిషికి ఆ రోజు నత్తి వచ్చింది. "అంటే... అదేంటంటే... నేను చెప్పొచ్చేదేంటంటే..." అంటోంది. తీసేసేవాళ్ళెవరూ లేరు. ఆమె మాటలు వెళ్ళి ఖాళీ కుర్చీలకి తగిలి తిరిగొస్తున్నాయి. చూద్దాంగారు లేవలేదు. ముందున్న సీసా మూత తిప్పుతూ, పెడుతూ, మళ్ళీ తిప్పుతూ కూర్చున్నాడు. అంతా అయ్యాక తలుపు దగ్గర ఆమెని దాటిపోతూ "చూద్దాంలేమ్మా" అన్నాడు. ముఖం చూడకుండా అన్నాడు.

ఆ తరువాత ఆమె ఫోను మోగలేదు. వారాలు మోగలేదు. లైట్ల మాస్టారు పళ్ళు పట్టుకుని ఇంటికొచ్చాడు. మంచం పక్కన కూర్చుని కళ్ళు ఒత్తుకుని "తప్పు మాదే చెల్లెమ్మా" అన్నాడు. లేచి వెళ్ళేటప్పుడు మాత్రం మనసులో మాట ఆపుకోలేకపోయాడు. "అయినా నువ్వు కూడా ఆ రోజు సరే అనాల్సింది." ఆమెకి నిదానంగా వచ్చే కోపం ఆ రోజు తొందరగానే వచ్చింది. అయినా ఏమంటుంది? పళ్ళు తిరిగిచ్చేసింది.

గడువు అయిపోయింది. చట్టం అలాగే ఉంది. ఆమె వెళ్ళి మధ్యవర్తి కంపెనీలో చేరింది, వాళ్ళు మళ్ళీ ఆ గాజు గదికే పంపారు. అదే కుర్చీ, అదే ఏసీ. పన్ను కోసేటప్పుడు ఉద్యోగి, సెలవడిగితే బయటి మనిషి. పొద్దున్న వెళ్తే దీపాలు పెట్టే వేళకి రావడం. రోజంతా కాపలా ఉండటం దర్జీ పిన్ని వల్ల కాలేదు. "నాకూ పొట్ట ఉంది కదమ్మా" అని ఆవిడే ఏడ్చింది. దాంతో అతన్ని ఊరి చివర కేర్ హోములో చేర్చాల్సి వచ్చింది.

అక్కడివాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. వేళకి తిండి పెడతారు, పక్కలు మారుస్తారు. అతను "బండి" అంటే ఆయా "బండి లేదు తాతా, అమ్మేశారు" అంటుంది. అతనికి యాభై రెండేళ్ళు, సొంత బండి ఎప్పుడూ లేదు. మొదట్లో ఆయాకి టకటకమ్మ నేర్పబోయింది: పొట్టిగా అంటే నీళ్ళు, సాగదీస్తే నొప్పి. "అన్నీ ఒకేలా వినపడుతున్నాయమ్మా" అంది ఆయా. ఆమె తప్పేముంది, ఆమె కింద ముప్ఫై మంచాలున్నాయి. పెద్ద గదిలో టీవీ ఉంది. నిద్రపోయేవాళ్ళకి ఇబ్బందని నోరు నొక్కి పెడతారు. అతను చక్రాల కుర్చీలో దాని ముందు కూర్చుని అక్షరాలు చదువుకుంటాడు. సభ జరిగే రోజుల్లో ఆ అక్షరాలు తన పెళ్ళాం వేళ్ళలోంచి వస్తున్నాయని అతనికి తెలుసు. పగలు వాళ్ళిద్దరికీ మిగిలిన కాపురం అది.

శీతాకాలం సమావేశాల్లో ప్రతిపక్షం ముసలావిడ ఒకామె సవతి చట్టం రద్దు చెయ్యాలని తీర్మానం పెట్టింది. ఆశ చావదు కదా, ఆమె మాటలని టకటకమ్మ ఒక్క అక్షరం పొల్లు పోకుండా టైపు చేసింది. జవాబు చెప్పడానికి చూద్దాంగారు లేచాడు. అప్పటికి ఆయన సహాయ మంత్రి.

"అదేంటంటే అధ్యక్షా, మేము... అంటే ఆ బాధితులని, వాళ్ళే చెప్పుకునేది, పిలిచాం, విచారణకి, కుర్చీలు కూడా, రెండు వందలు అధ్యక్షా, వస్తే తొమ్మిదో ఎంతో, మరి మిగతావాళ్ళు ఏరంటే పనికి, అంటే పని ఉందనేగా, అదీ నేను చెప్పొచ్చేది..."

పక్క కుర్చీలోని జోడీ టైపిస్టు కీబోర్డు మీదకి వంగి "నువ్వు వదిలెయ్ అక్కా, నేను కొడతా" అంది.

టకటకమ్మ వేళ్ళు ఆగలేదు. వాటికి మొగుడూ తెలియదు, అవమానమూ తెలియదు. అలవాటు ప్రకారం నత్తి తీసేశాయి, తోక తగిలించాయి, దువ్వాయి, జడవేశాయి. తెర మీద ఇలా వచ్చింది:

"బాధితుల కోసం రెండు వందల కుర్చీలు వేశాం అధ్యక్షా. తొమ్మిది మంది వచ్చారు. మిగిలినవారంతా పనిలో ఉన్నారట. చట్టం వల్ల పని పోయిందన్నవారికి ఇంతకన్నా జవాబేం కావాలి?"

ముందు ఎవరూ నవ్వలేదు. ఆయన అన్నది ఎవరికీ సరిగ్గా అర్థం కాలేదు. సభ్యులు తలెత్తి, ఆ సమావేశాలకే కొత్తగా గోడకి బిగించిన పెద్ద టీవీ తెర చదివారు. అప్పుడు నవ్వారు. బల్లలు చరిచి మరీ నవ్వారు. చూద్దాంగారు కూడా తెర చూసుకుని, తను ఇంత బాగా అన్నానా అన్నట్టు మురిసిపోయాడు. తీర్మానం వీగిపోయింది. మర్నాడు పేపర్లు ఆ వాక్యాన్నే ఒక్క అక్షరం మార్చకుండా అచ్చేశాయి.

ఆమె బ్రాకెట్ తెరిచి "సభలో నవ్వులు" అని కొట్టి బ్రాకెట్ మూసింది.

డ్యూటీ దిగగానే కేర్ హోముకి వెళ్ళింది. పెద్ద గదిలో టీవీ ఇంకా వెలుగుతోంది, ఏదో వంటల కార్యక్రమం. అతను దాని ముందే ఉన్నాడు. ఆమెని చూడగానే ఎడమ చేత్తో ఆమె మణికట్టు పట్టుకున్నాడు. గడ్డం ఎత్తి తెర వైపు చూపించి, "బండి" అన్నాడు.

ఆమె వంగింది. "ఏంటీ?"

"బండి."

పొట్టిగా లేదు, సాగనూ లేదు. కోపమా? నువ్వెందుకు కొట్టావు అంటున్నాడా? పోనీలే అంటున్నాడా? నీళ్ళు అడుగుతున్నాడా? రోజంతా పరాయి గొంతులు పోసుకున్న చెవులు హోరుమంటున్నాయి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆ గొంతు వినని నెలలన్నీ ఆమెకీ అతనికీ మధ్య అడ్డం నిలబడ్డాయి. "ఇంకోసారి చెప్పు," అంది. అతను ఓపిగ్గా, మెల్లగా, అర్థమయ్యేలా చెప్పాలని ముఖమంతా బిగించి ఇంకోసారి చెప్పాడు. చెప్పి, ఎప్పుడూ చూసినట్టే ఆమె కళ్ళలోకి చూస్తూ ఎదురు చూశాడు. ఆమెకి తెలియలేదు.

దుప్పట్లు మోసుకుంటూ అటుగా పోతున్న ఆయా అలవాటుగా "బండి లేదు తాతా, అమ్మేశారు" అంది.

అతను ఆయా వైపు చూడలేదు. పెళ్ళాం వైపే చూస్తున్నాడు.

"అవును," అంది టకటకమ్మ, అతని చేతిని నిమురుతూ. "అమ్మేశాం."